కొడైకెనాల్ లేక్‌కి పిల్లాపాపలతో వెళ్తున్నారా? తరచుగా అడిగే ప్రశ్నలు

కొడైకెనాల్ లేక్ ఎక్కడుంది? సహజంగా ఏర్పడిన సరస్సేనా?

తమిళనాడులోని దిండిగల్ జిల్లాలో, పళని కొండల మీద, 2,100 మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉంది. ఇది సహజంగా ఏర్పడిన సరస్సు కాదు. మధురై కలెక్టర్‌గా పనిచేసిన వియర్ హెన్రీ లెవింజ్ 1863లో ఇక్కడి వాగులకు అడ్డంగా కట్ట వేయించి నీళ్ళు నిలబెట్టాడు. మొదటి పడవను తూత్తుకుడి నుంచి తెప్పించింది కూడా ఆయనే. లోయల్లోకి నీళ్ళు పాయలుపాయలుగా వెళ్ళి నిలవడం వల్ల సరస్సు నక్షత్రం ఆకారంలో కనిపిస్తుంది. విస్తీర్ణం సుమారు 60 ఎకరాలు, చుట్టూ రోడ్డు దాదాపు 5 కిలోమీటర్లు.

ఊరంతా ఈ సరస్సు చుట్టూనే పెరిగింది. బోటింగ్, సైకిళ్ళు, పార్కు, బజారు అన్నీ నడిచి వెళ్ళగలిగే దూరంలోనే ఉంటాయి. చిన్నపిల్లలున్న కుటుంబాలకు ఈ ఊరు ఇంత అనుకూలంగా ఉండటానికి ముఖ్యమైన కారణం అదే. పొద్దున లేచి కారెక్కాల్సిన అవసరం లేదు.

ఎన్ని రోజులు ఉండాలి?

మూడు రాత్రులు ఉంటే హాయిగా ఉంటుంది, రెండు రాత్రులు కనీసం. అంతకంటే తక్కువ సమయం ఉంటే ఘాట్ రోడ్డు ఎక్కడం, దిగడంతోనే సరిపోతుంది.

అన్నిటికంటే ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఇక్కడే చెప్పేస్తాను. కొడైలో దిగగానే టాక్సీవాళ్ళు ఒక అట్ట చూపిస్తారు. దాని మీద పన్నెండో పదమూడో పాయింట్ల పేర్లు ఉంటాయి, అన్నీ ఒక్క పూటలో చూపిస్తామంటారు. పెద్దవాళ్ళకే అది అలసట. ఐదారేళ్ళ పిల్లలకైతే కారెక్కు, దిగు, ఫొటో దిగు, మళ్ళీ ఎక్కు తప్ప ఏమీ మిగలదు. మూడో పాయింట్ దగ్గరే ఏడుపు మొదలవుతుంది. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, మధ్యాహ్నం రూములో కునుకు అని పెట్టుకోండి. ఒక రోజు మొత్తం లేక్‌కే వదిలేయండి. పిల్లలకు వ్యూపాయింట్ల కన్నా నీళ్ళు, పడవలు, సైకిళ్ళు, బాతులే ఇష్టం.

ఏ నెలలో వెళ్తే మంచిది?

వేసవి సెలవులు కాబట్టి ఏప్రిల్, మే నెలల్లోనే మనవాళ్ళు ఎక్కువగా వెళ్తారు. మన ఊళ్ళలో ఎండ 42 డిగ్రీలుంటే అక్కడ పగలు 20 డిగ్రీల దగ్గర ఉంటుంది. మే నెలలో బ్రయంట్ పార్కులో పూల ప్రదర్శన కూడా జరుగుతుంది. అయితే రద్దీ విపరీతం. కొండ మీద కిలోమీటర్ల కొద్దీ బళ్ళు నిలిచిపోతాయి, రూముల ధరలూ కొండెక్కుతాయి.

స్కూలుకి రెండు రోజులు సెలవు పెట్టించగలిగితే జనవరి చివరి నుంచి మార్చి మొదటి వారాల వరకు ప్రశాంతంగా ఉంటుంది. ఆకాశం తేటగా ఉంటుంది, రాత్రిళ్ళు మాత్రం బాగా చలి. డిసెంబర్, జనవరిలో రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీల లోపుకి పడిపోతుంది, పొద్దున్నే గడ్డి మీద మంచు పేరుకోవడమూ ఉంటుంది. అక్టోబర్ నుంచి డిసెంబర్ మొదటి వారాల వరకు ఈశాన్య రుతుపవనాల వానలు గట్టిగా పడతాయి. ఆ రోజుల్లో ఘాట్ రోడ్డు మీద చెట్లు కూలడం, మట్టి జారడం మామూలే. పసిపిల్లలతో ఆ నెలల్లో వద్దు.

తెలుగు రాష్ట్రాల నుంచి ఎలా వెళ్ళాలి?

దగ్గరి విమానాశ్రయం మధురై. అక్కడి నుంచి కొడైకి దాదాపు 120 కిలోమీటర్లు, కారులో మూడున్నర నుంచి నాలుగు గంటలు. రైల్లో వెళ్ళేవారు కొడైకెనాల్ రోడ్ స్టేషన్లో దిగాలి. పేరు చూసి కొండ మీదే ఉంటుందనుకునేరు, స్టేషన్ కిందనే ఉంది. అక్కడి నుంచి ఇంకా 80 కిలోమీటర్లు పైకి ఎక్కాలి. చెన్నై ఎగ్మోర్‌లో రాత్రి పాండియన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారకముందే ఈ స్టేషన్లో దింపుతుంది. పిల్లలకు నిద్ర చెడుతుంది గానీ, ఎండ ఎక్కకముందే, బళ్ళు పెరగకముందే కొండెక్కేయొచ్చు.

సొంత కారులో హైదరాబాద్ నుంచి అయితే వెయ్యి కిలోమీటర్ల దారి. ఒక్క బిగిలో నడపొద్దు. బెంగళూరులోనో సేలంలోనో ఒక రాత్రి ఆగండి. తిరుపతి, చిత్తూరు వైపు వాళ్ళకు మాత్రం తెల్లవారుజామున బయల్దేరితే సాయంత్రానికి చేరే దూరమే.

ఈ-పాస్ తప్పనిసరా?

అవును. మద్రాసు హైకోర్టు ఆదేశాలతో 2024 మే 7 నుంచి ఊటీ, కొడైకెనాల్‌కు బయటి వాహనాల్లో వెళ్ళేవారికి ఈ-పాస్ పెట్టారు. డబ్బు కట్టక్కర్లేదు. తమిళనాడు ప్రభుత్వ వెబ్‌సైట్‌లో బండి నంబరు, ఎంతమంది, ఏ రోజు వస్తున్నారు, ఎక్కడ బస అనే వివరాలు ఇస్తే క్యూఆర్ కోడ్ వస్తుంది. దాన్ని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, చెక్‌పోస్ట్ దగ్గర సిగ్నల్ దొరక్కపోతే టెన్షన్. 2025 వేసవి సీజన్లో రోజుకు ఇన్ని బళ్ళే అని పరిమితి కూడా పెట్టారు. మామూలు రోజుల్లో 4,000, వారాంతాల్లో 6,000. కాబట్టి మే నెలలో వెళ్ళేవారు రూము బుక్ చేసిన రోజే పాస్ కూడా తీసుకోవాలి. ప్రభుత్వ బస్సులో వెళ్ళేవారికి ఈ గొడవ లేదు.

ఘాట్ రోడ్డులో పిల్లలకు వాంతులవుతాయి. ఏం చేయాలి?

వత్తలగుండు దాటాక మలుపులు మొదలై పైదాకా ఉంటాయి. కడుపు ఖాళీగానూ ఉంచొద్దు, నిండుగానూ పెట్టొద్దు. బయల్దేరే గంట ముందు రెండు ఇడ్లీలు చాలు, పూరీ, పాలు వద్దు. పిల్లల్ని కిటికీ పక్కన కూర్చోబెట్టి దూరంగా కొండల వైపు చూడమనండి. ఫోన్ చూస్తూ కూర్చున్న పిల్లలకే వికారం ముందు మొదలవుతుంది, ఘాట్ రోడ్డు దాటేదాకా ఫోన్ ఇవ్వకపోవడమే మందు. వికారానికి మాత్రలు వేయాలనుకుంటే బయల్దేరకముందే పిల్లల డాక్టర్ని అడిగి మోతాదు రాయించుకోండి. మెడికల్ షాపుల్లో మామూలుగా ఇచ్చే ప్రొమెథజైన్ మందు రెండేళ్ళలోపు పిల్లలకు అస్సలు వేయకూడదు.

దారిలో డమ్‌డమ్ రాక్ దగ్గర ఆగండి. ఎదురు కొండ మీంచి తెల్లటి దారంలా పడే తలైయార్ జలపాతం అక్కడి నుంచి కనిపిస్తుంది. దాని ఎత్తు సుమారు 297 మీటర్లు. ఇంకా పైకొచ్చాక, ఊరికి 8 కిలోమీటర్ల ముందు, రోడ్డు పక్కనే సిల్వర్ కాస్కేడ్ ఉంటుంది. కొడై లేక్ నుంచి పొంగి పారే నీళ్ళే అక్కడ జలపాతంగా పడతాయి. కాసేపట్లో చూడబోయే సరస్సు నీళ్ళే ఇవి అని పిల్లలకు చెబితే, పైకెళ్ళాక ఆ నీళ్ళు ఎక్కణ్ణుంచి బయటికి పోతున్నాయో వెతుక్కుంటారు. బండలు పాకుడు పట్టి ఉంటాయి, దిగనివ్వొద్దు.

బోటింగ్‌లో ఏమేం ఉంటాయి? చిన్నపిల్లల్ని ఎక్కించవచ్చా?

పెడల్ బోట్లు, తెడ్డు వేసే రో బోట్లు, షికారా తరహా పడవలు ఉంటాయి. ఇక్కడి బోట్ క్లబ్ 1890లో మొదలైంది. అది కాక తమిళనాడు పర్యాటక సంస్థ బోట్ హౌస్ కూడా ఉంది. ఒకచోట క్యూ పెద్దదిగా ఉంటే రెండోచోట చూడండి.

నలుగురు కూర్చునే పెడల్ బోటులో ముందు ఇద్దరే తొక్కాలి. ఎనిమిది, తొమ్మిదేళ్ళ పిల్లలకు కాళ్ళు పెడల్‌కి అందుతాయి గానీ పది నిమిషాలకే పిక్కలు లాగుతాయి, కాబట్టి పక్కన తొక్కగలిగే పెద్దవాళ్ళు ఉండాలి. అమ్మమ్మ, తాతయ్యలు, చంటిపిల్లలు ఉంటే మాత్రం పడవ నడిపే మనిషితో సహా రో బోటు తీసుకోండి. ధర కొంచెం ఎక్కువే, అయినా దండగ కాదు. తెడ్డు ఒక్కో పెట్టు పడినప్పుడల్లా నీళ్ళు గలగలమంటాయి, పడవ ఏమాత్రం కుదుపు లేకుండా జారుతుంది. ఒడ్డు వెంట కలువాకుల దగ్గరకు వెళ్ళమని అడగండి. పెడల్ బోట్లు ఎక్కువగా రేవు చుట్టూనే తిరుగుతుంటాయి, పాయల్లోకి వెళ్తే జనం తగ్గి నీటికోళ్ళు కనిపిస్తాయి.

లైఫ్ జాకెట్ లేకుండా ఎక్కొద్దు. పిల్లలకు పిల్లల సైజే అడగండి. పెద్దవాళ్ళ జాకెట్ తొడిగితే నీళ్ళలో పడ్డప్పుడు అది పైకి జారిపోయి తల కింద ఉండిపోతుంది. తొడిగాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి, గడ్డం దాటి పైకి వస్తే అది వదులు. పడవ మధ్యలో లేచి నిలబడి ఫొటోలు తీయడం మన అలవాటు, అదొక్కటి మానుకోవాలి. ఈత కొట్టడానికి ఈ సరస్సు పనికిరాదు, నీళ్ళు చల్లగా ఉంటాయి, అడుగున నాచు, తీగలు కాళ్ళకు చుట్టుకుంటాయి.

మంచు కమ్మేస్తే బోటింగ్ ఆపేస్తారు. మధ్యాహ్నం దాటాక ఇక్కడ మంచు, వాన ఎప్పుడు దిగుతాయో చెప్పలేం. అందుకే బోటింగ్ పొద్దున్నే పెట్టుకోండి.

సైకిళ్ళు, గుర్రాలు?

నా లెక్కలో కొడైలో అన్నిటికన్నా మంచి కాలక్షేపం సైకిలే. లేక్ చుట్టూ రోడ్డు చాలావరకు చదునుగా ఉంటుంది. గంటల లెక్కన అద్దెకిస్తారు, పిల్లల సైజువీ, ఇద్దరు తొక్కేవీ దొరుకుతాయి. తీసుకునే ముందు రెండు బ్రేకులూ పట్టి చూడండి, సీటు ఎత్తు సరిచేయించుకోండి. పొద్దున ఏడు, ఎనిమిది గంటల మధ్య వెళ్తే నీళ్ళ మీంచి పొగమంచు లేస్తూ ఉంటుంది, రోడ్డు మీద వాకింగ్‌కి వచ్చిన స్థానికులు తప్ప ఎవరూ ఉండరు. పది దాటితే కార్లు, గుర్రాలు, ఐస్‌క్రీమ్ బళ్ళు అన్నీ ఇదే రోడ్డు మీదికి వస్తాయి. అప్పుడు సైకిల్ నేర్చుకుంటున్న పిల్లల్ని దింపడం ప్రమాదం.

గుర్రం ఎక్కించేముందు దూరం ఎంత, ధర ఎంత అన్నది తేల్చుకోండి. ఆరేళ్ళ లోపు పిల్లలైతే గుర్రం నడిపించే మనిషి కళ్ళెం వదలకుండా పక్కనే నడవాలి, పరుగెత్తించొద్దని ముందే చెప్పాలి. డొక్కలు కనిపించే గుర్రాన్నీ, జీను కింద పుండు పడిన గుర్రాన్నీ ఎక్కొద్దు. పిల్లలకు కూడా ఆ కారణం చెప్పండి, అర్థం చేసుకుంటారు.

మూడేళ్ళ లోపు పిల్లలకు ఏముంటుంది?

బ్రయంట్ పార్క్ ఒక్కటి చాలు. లేక్‌కి తూర్పున, ఒడ్డుకి ఆనుకునే ఉంది. మధురై అటవీ అధికారి హెచ్.డి. బ్రయంట్ 1908లో దీనికి రూపం ఇచ్చాడు. ఇరవై ఎకరాల పైన గడ్డి, గులాబీ మళ్ళు, అద్దాల గది, 1857 నాటిదని చెప్పే ఒక పెద్ద యూకలిప్టస్ చెట్టు. పసిపిల్లలు పడిలేస్తూ పరుగెత్తడానికి ఇంత మెత్తటి చోటు ఊళ్ళో ఇంకోటి లేదు. బళ్ళు రావు. ఒక దుప్పటి, ఒక బంతి పట్టుకెళ్ళండి. రెండు గంటలు ఇట్టే గడిచిపోతాయి.

కోకర్స్ వాక్ ఎప్పుడు వెళ్ళాలి?

పొద్దున్నే, పదిలోపు. 1872లో లెఫ్టినెంట్ కోకర్ వేయించిన ఒక కిలోమీటరు కాలిబాట ఇది. కొండ అంచు వెంట సాగుతుంది, కింద మైదానాలు మైళ్ళ దూరం కనిపిస్తాయి. కమ్మీలు ఉన్నాయి, అయినా చిన్నపిల్లల చెయ్యి వదలొద్దు. వెనక నుంచి ఎండ పడుతూ, ముందు లోయలో మంచు దట్టంగా ఉన్న సమయం తటస్థిస్తే మీ నీడ ఆ మంచు మీద పెద్దగా పడి, తల చుట్టూ ఇంద్రధనుస్సు రంగుల వలయం కనిపిస్తుంది. దీన్ని బ్రాకెన్ స్పెక్టర్ అంటారు. ఎప్పుడో గానీ కనిపించదు. కనిపిస్తే మాత్రం పిల్లాణ్ణి చెయ్యి ఊపమనండి, మబ్బు మీద నీడ కూడా ఊపుతుంది. ఒక్కో మనిషికి తన తల చుట్టూ ఉన్న వలయమే కనిపిస్తుంది, పక్కవాళ్ళది కనిపించదు. అందుకే అన్నాచెల్లెళ్ళు "నాకే ఉంది, నీకు లేదు" అని పోట్లాడుకుంటారు.

స్కూలు పిల్లలకు పనికొచ్చేది ఏదైనా ఉందా?

ఉంది. చాలా కుటుంబాలు దాన్నే వదిలేసి వెళ్ళిపోతాయి. లేక్ నుంచి ఆరు కిలోమీటర్ల దూరంలో సౌర పరిశోధనశాల ఉంది. 1899లో మద్రాసు నుంచి ఇక్కడికి వచ్చింది. ఇప్పుడు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్ నడుపుతోంది.

దీని పుట్టుకకు మన ప్రాంతంతోనూ సంబంధం ఉంది. 1876-78 నాటి కరువు మద్రాసు ప్రెసిడెన్సీని తుడిచిపెట్టేసింది. రాయలసీమలో ధాత కరువుగా చెప్పుకునేది అదే. వానలు ఎందుకు మొహం చాటేస్తున్నాయి, సూర్యుడిలో వచ్చే మార్పులకూ రుతుపవనాలకూ సంబంధం ఉందా అని తేల్చుకోవాలంటే సూర్యుణ్ణి రోజూ గమనించే చోటు కావాలని ఆ కరువు తర్వాతే బలంగా అనిపించింది. దుమ్ము లేని గాలి, ఎత్తు రెండూ ఉన్నాయని కొడైని ఎంచుకున్నారు. 1909 జనవరిలో జాన్ ఎవర్‌షెడ్ ఇక్కడే, సూర్యుడి మచ్చల అంచుల్లో వాయువు లోపలి నుంచి బయటికి ప్రవహిస్తోందని కనిపెట్టాడు. దాన్ని ఇప్పటికీ ప్రపంచమంతా ఎవర్‌షెడ్ ఎఫెక్ట్ అంటుంది. వందేళ్ళకు పైగా సూర్యుడి ఫొటోలు ఇక్కడ భద్రంగా ఉన్నాయి.

ఏడో తరగతి పైన ఉన్న పిల్లలకు ఇది బాగా నచ్చుతుంది. సందర్శన వేళలు సీజన్ని బట్టి మారతాయి, బయల్దేరే ముందు కనుక్కోండి. మబ్బు లేని పొద్దుట వెళ్ళండి. నేరుగా సూర్యుడి వంక చూడకూడదని పిల్లలకు ముందే చెప్పండి.

పిల్లర్ రాక్స్, గుణ గుహలు, పైన్ ఫారెస్ట్ వదిలేయొచ్చా?

మూడూ ఒకే దారిలో ఉన్నాయి కాబట్టి ఒక పూట పెట్టుకుంటే చాలు. పిల్లర్ రాక్స్ అంటే పక్కపక్కనే నిలబడ్డ మూడు రాతి స్తంభాలు, సుమారు 400 అడుగుల ఎత్తు. పార్కింగ్ నుంచి పెద్దగా నడక లేదు. మంచు పట్టిందంటే ఎదురుగా తెల్లగోడ తప్ప ఏమీ ఉండదు. పది నిమిషాలు ఓపిక పడితే ఒక్కసారి తెర తీసినట్టు స్తంభాలు బయటపడటమూ ఉంది, వెంటనే వెనక్కి తిరగొద్దు.

గుణ గుహలకు ఆ పేరు అక్కడ తీసిన ఒక తమిళ సినిమా వల్ల వచ్చింది. అంతకుముందు తెల్లవాళ్ళు డెవిల్స్ కిచెన్ అనేవారు. గుహల్లోకి ఎవర్నీ వెళ్ళనివ్వరు, కంచె ఇవతలి నుంచే చూడాలి. నేల మీద అల్లుకుపోయిన చెట్ల వేళ్ళు మాత్రం పిల్లలకు భలే నచ్చుతాయి. కంచె దాటితే కంటికి కనపడని లోతైన పగుళ్ళు ఉన్నాయి. కాలేజీ వయసు కుర్రాళ్ళు మీతో ఉంటే వాళ్ళనే ఎక్కువ కనిపెట్టుకోండి.

పైన్ ఫారెస్ట్ ఫొటోలకు బాగుంటుంది. రాలిన పైన్ ఆకుల మీద కాలు జారుతుంది, నున్నటి చెప్పులు వద్దు.

మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు రాగలరా?

రాగలరు. లేక్ రోడ్డు మీద వీల్‌చెయిర్ నెట్టవచ్చు. బ్రయంట్ పార్కులో బెంచీలు ఉన్నాయి. చిక్కంతా రూముతోనే వస్తుంది. కొడైలో చాలా కాటేజీలు వాలు మీద కట్టినవి, ఫొటోల్లో మెట్లు కనిపించవు. బుక్ చేసేటప్పుడే "కారు దిగిన చోటి నుంచి మంచం దాకా ఎన్ని మెట్లు?" అని సూటిగా అడగండి. వట్టకనల్ వైపు బస పెద్దవాళ్ళకు వద్దు. అటువైపే ఉన్న డాల్ఫిన్స్ నోస్ అనే వ్యూపాయింట్‌కి దిగడం తేలికే గానీ ఎక్కి రావడం మోకాళ్ళకు శిక్ష.

ఆస్తమా, గుండె జబ్బు ఉన్నవాళ్ళు డాక్టర్ని అడిగి, మందులు రెండు రోజులవి అదనంగా తెచ్చుకోవాలి. ఈ ఎత్తులో ఆరోగ్యంగా ఉన్నవారికి సాధారణంగా ఇబ్బంది రాదు, మెట్లెక్కితే కాస్త ఆయాసం, అంతే.

నీలకురింజి పూలు చూడొచ్చా?

పన్నెండేళ్ళకోసారి పూసే పూలవి. 2018లో పూశాయి, మళ్ళీ 2030లో. అప్పటిదాకా కురింజి ఆండవర్ గుడికి వెళ్ళి పిల్లలకు ఆ కథ చెప్పొచ్చు. లేక్‌కి మూడు కిలోమీటర్లే. మురుగన్ గుడి అది, విదేశంలో పుట్టి హిందూ మతం స్వీకరించిన లేడీ రామనాథన్ 1936లో కట్టించారు. తేటగా ఉన్న రోజున గుడి వెనక నుంచి పళని కొండ, వైగై డ్యామ్ కనిపిస్తాయి.

జనం తక్కువగా ఉండే చోటు చెప్పండి.

మన్నవనూర్. ఊరి నుంచి 35 కిలోమీటర్లు, గంటన్నర పడుతుంది. పచ్చిక కొండలు, మధ్యలో ఒక సరస్సు, పక్కనే కేంద్ర ప్రభుత్వ గొర్రెల పరిశోధన కేంద్రం. పిల్లలు గొర్రె మందను, కుందేళ్ళను దగ్గర నుంచి చూస్తారు. వెళ్ళే దారిలో పూంబారై ఊరు వస్తుంది. కొండ వాలంతా మెట్లు మెట్లుగా వెల్లుల్లి, క్యారెట్, బంగాళాదుంప మళ్ళు. కొడై కొండ వెల్లుల్లికి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఊళ్ళో కుళందై వేలప్పర్ గుడి చూసి, రోడ్డు పక్క ఆడవాళ్ళు అమ్మే వెల్లుల్లి కట్ట ఒకటి కొనుక్కోండి. రెబ్బ చిన్నది, ఘాటు ఎక్కువ. రసంలో ఒక్కటి చాలు.

పొద్దున్నే బయల్దేరి, చీకటి పడకముందే తిరిగి రండి. ఫోన్ సిగ్నల్ సరిగా ఉండదు, పులిహోరో చపాతీలో కట్టుకెళ్తే తిండికి వెతుక్కునే పని ఉండదు.

బేరిజం లేక్ ఇంకా అందంగా ఉంటుంది, అడవి మధ్యలో ఉంది. పెరియకుళం పట్టణానికి తాగునీరు అక్కడి నుంచే వెళ్తుంది. అటవీ శాఖ అనుమతి ఉండాలి, రోజుకు కొన్ని బళ్ళనే పంపుతారు. ఏనుగులు తిరుగుతుంటే మూసేస్తారు. దాని మీదే ఆశ పెట్టుకుని వెళ్ళొద్దు, దొరికితే అదృష్టం.

మన భోజనం దొరుకుతుందా?

బస్టాండ్, పీటీ రోడ్డు చుట్టుపక్కల ఇడ్లీ, దోసె, సాంబారన్నం ఎక్కడైనా దొరుకుతాయి. పచ్చడి మెతుకులు లేనిదే ముద్ద దిగని పెద్దలుంటే ఆవకాయ, కందిపొడి, నెయ్యి చిన్న డబ్బాల్లో తెచ్చుకోండి. పసిపిల్లల ఉగ్గు రూములో కాచేవారు ఒకటి గుర్తుంచుకోండి, ఈ ఎత్తులో నీళ్ళు 93 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. కాబట్టి బియ్యం, పెసరపప్పు ఉడకడానికి ఇంట్లో కన్నా ఎక్కువ సేపు పడుతుంది. మెత్తగా అయిందో లేదో నలిపి చూశాకే పెట్టండి.

ఎలాంటి బట్టలు తీసుకెళ్ళాలి?

లావుపాటి స్వెటర్ ఒక్కటి కన్నా పల్చటివి రెండు మూడు మేలు. మధ్యాహ్నం ఎండకు విప్పేయొచ్చు, సాయంత్రం మళ్ళీ తొడగొచ్చు. మంకీ క్యాపులు, సాక్సులు పిల్లలకు రెండు జతలు ఉండాలి. మే నెలైనా గొడుగో రెయిన్‌కోటో ఉండాల్సిందే. చల్లగా ఉంది కదా అని ఎండను తేలిగ్గా తీసుకోవద్దు. ఎత్తు పెరిగేకొద్దీ అతినీలలోహిత కిరణాలు ఎక్కువ, బోటింగ్ అయ్యాక పిల్లల బుగ్గలు ఎర్రగా కమిలిపోతాయి. టోపీ, సన్‌స్క్రీన్ రెండూ వాడండి.

రూములో చలికి కుంపటి పెట్టుకోవచ్చా?

వద్దు, ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. క్యాంప్‌ఫైర్‌కో బార్బెక్యూకో వాడిన బొగ్గు నిప్పులు "వెచ్చగా ఉంటుంది" అని రూములోకి తెచ్చుకుని, తలుపులు బిగించి పడుకుంటే కార్బన్ మోనాక్సైడ్ పేరుకుంటుంది. దానికి వాసన ఉండదు, మగతగా నిద్రలోనే ప్రాణం పోతుంది. కొండ ప్రాంతాల్లో ఇలాంటి చావులు జరుగుతూనే ఉన్నాయి. హోటల్‌వాళ్ళనే అడిగి ఎలక్ట్రిక్ హీటరో ఇంకో రజాయో తెప్పించుకోండి.

జంతువుల భయం ఉందా?

కోతుల సంగతి అందరికీ తెలుసు. చేతిలో కవరు కనిపిస్తే లాక్కుంటాయి, పిల్లల చేతికి చిప్స్ ప్యాకెట్ ఇచ్చి కారు దింపొద్దు. అంతకన్నా జాగ్రత్తగా ఉండాల్సింది అడవి దున్నల విషయంలో. కొడైలో అవి ఊళ్ళోకి, తోటల్లోకి, ఒక్కోసారి లేక్ రోడ్డు మీదికి కూడా వచ్చేస్తాయి. చూడటానికి మన గేదెల్లా సాధువుగా ఉంటాయి, కానీ ఒక్కొక్కటి వెయ్యి కిలోల దాకా తూగగలదు, కదిలిందంటే మనం తప్పించుకోలేం. సెల్ఫీ కోసం దగ్గరికి వెళ్ళొద్దు, ఫ్లాష్ కొట్టొద్దు, మెల్లగా వెనక్కి నడిచి కారెక్కండి. చీకటి పడ్డాక పిల్లలతో నిర్మానుష్యమైన దారుల్లో నడవకండి.

ప్లాస్టిక్ సీసాలు తీసుకెళ్ళనివ్వరట కదా?

నిజమే. 5 లీటర్ల లోపు ప్లాస్టిక్ నీళ్ళ సీసాలు, కూల్‌డ్రింక్ సీసాలు కొండ మీద నిషేధం. దొరికితే ఒక్కో సీసాకు 20 రూపాయలు గ్రీన్ ట్యాక్స్ వసూలు చేస్తారు. ఇంటి నుంచే స్టీలు సీసాలు తెచ్చుకోండి, పైన నీళ్ళు నింపుకునే ఏర్పాట్లు ఉన్నాయి. ఈ నియమం కొంచెం ఇబ్బందే అయినా నేను పూర్తిగా సమర్థిస్తాను. ఇక్కడి వాగులే కింద ఊళ్ళకు తాగునీరు, సాగునీరు. వాలు మీద విసిరిన సీసా అక్కడితో ఆగదు, వానకు కొట్టుకుపోయి ఏ చెరువులోనో తేలుతుంది.

పళనిలో మొక్కు ఉంది. కలిపి వెళ్ళొచ్చా?

తప్పకుండా. కొడై నుంచి పళనికి 64 కిలోమీటర్ల ఘాట్ రోడ్డు ఉంది, రెండున్నర గంటలు పడుతుంది. పిల్లలకు పుట్టువెంట్రుకలు తీయించేవారు కొండ దిగేటప్పుడు పళని పెట్టుకోండి. ముందు పళని, తర్వాత కొడై అంటే గుండు చేయించిన తలతో పసిపిల్లల్ని చలిలోకి తీసుకెళ్ళినట్టవుతుంది. గుడికి 693 మెట్లు. ఎక్కలేనివారికి వించ్ రైలు, రోప్ కారు ఉన్నాయి, నిర్వహణ కోసం రోప్ కారును మధ్యమధ్యలో ఆపుతుంటారు కాబట్టి ముందు కనుక్కోండి.

ఏం కొనుక్కోవాలి?

హోమ్‌మేడ్ చాక్లెట్లు ఒకే షాపులో కిలోల లెక్కన కొనేయకండి. ముందు ఒక ముక్క రుచి చూడండి, తయారీ తేదీ అడగండి. కొండ దిగాక మన ఎండకు కరిగి ముద్దవుతాయి, డబ్బాలో పెట్టి బట్టల మధ్య సర్దుకోండి. సీజన్ని బట్టి ప్లమ్స్, బేరికాయలు, ప్యాషన్ ఫ్రూట్ దొరుకుతాయి. యూకలిప్టస్ నూనె కొంటే సీసా పిల్లలకు అందకుండా పెట్టండి. కడుపులోకి పోతే అది విషం, పసిపిల్లల ముక్కు దగ్గర అసలు రాయకూడదు.

వెళ్ళిన రోజే రోజంతా వాన పడితే?

వాన తగ్గే దాకా ఎదురుచూడటం మానేసి, రెయిన్‌కోట్లు తొడిగి లేక్ రోడ్డు మీద పావుగంట నడిపించండి. పిల్లలకు గుంటల్లో దూకడమే పండగ. తిరిగొచ్చి తల తుడిచి, వేడివేడి మిరపకాయ బజ్జీలు, టీ తెచ్చుకోండి. షెంబగనూర్‌లో క్రైస్తవ ఫాదర్లు 1895లో మొదలుపెట్టిన మ్యూజియం ఉంది. జంతువులు, పక్షులు, సీతాకోకచిలుకల సేకరణలు ఉంటాయి, తెరిచి ఉందో లేదో హోటల్లో అడిగి వెళ్ళండి. క్యారమ్స్ బోర్డు ఉన్న హోటళ్ళు చాలానే ఉన్నాయి, పేకముక్కల కట్ట ఒకటి మీ సంచిలోనూ వేసుకోండి. సాయంత్రం ఒక గంట తెరిపి ఇస్తే చాలు, బ్రయంట్ పార్క్ గేటు నుంచి లేక్ దాకా నడిచి రావచ్చు.